బూదికోట బిడ్డ హైదరాలీ

కృష్ణగిరి దుర్గాన్ని ఎరుగనివారు మనలో ఉండరు. హోసూరు నుండి ధర్మపురికో సేలానికో పోయే బస్సులో కూర్చున్నవారికి కూడా ఆ కొండ కనబడక మానదు. ఆ కోట మాట రాగానే పెద్దలు హైదరాలీ పేరు, అతని కొడుకు టిప్పు సుల్తాను పేరు చెబుతారు. హైదరు చేసిన యుద్ధాలు, ఇంగ్లీషువారిని అతడు ముప్పుతిప్పలు పెట్టిన వైనం మనం బడిలో చదువుకున్నవే. కాని ఆ హైదరు పసివాడుగా ఉన్నప్పుడు తండ్రిని యుద్ధంలో పోగొట్టుకొని, తల్లి వెంట పరరాజ్యానికి తలదాచుకోవడానికి పోయిన సంగతి బడి పుస్తకాల్లో అంతగా కానరాదు. నేను రైల్వేలో గుమాస్తాను, చరిత్ర పండితుణ్ణి కాను. అయినను మన ఊళ్ళ చుట్టుపట్ల జరిగిన కథ గనుక, చదివినంతలో మన ఉగాది సంచిక పాఠకులకు విన్నవించుకుంటున్నాను.

ఈ కథను హైదరు అమ్మమ్మతో మొదలు పెట్టాలి. 1810లో మొదటి సంపుటం వెలువడిన మైసూరు చరిత్రలో మార్క్ విల్క్స్ దొర ఆ వృత్తాంతం వ్రాశాడు. నవాయతు తెగకు చెందిన ఒక గృహస్థుడు భార్యాబిడ్డలతో కొంకణ దేశం నుండి ఆర్కాటుకు ప్రయాణమై వస్తూండగా, బిదనూరు సీమలో తరికెరె దగ్గర దొంగలు అతన్ని దోచుకొని చంపివేశారు. తెలియని దేశం, తెలియని భాష. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆ ఇల్లాలు కొడుకు ఇబ్రహీమును, ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని, దారి పొడుగునా బిచ్చమెత్తుకుంటూ కోలారు చేరుకున్నది. అక్కడ సైన్యంలో నాయకుడుగా ఉన్న ఫతే మహమ్మదు ఆమె పెద్ద కుమార్తెను పెళ్ళాడాడు. ఆమె చనిపోగా చెల్లెలిని చేసుకున్నాడు. ఆ చెల్లెలి కడుపున పుట్టినవారే షాబాజు, హైదరు అనే అన్నదమ్ములు.

ఫతే మహమ్మదు చిన్న కొలువు నుండి స్వశక్తితో పైకి వచ్చినవాడు. ఆ కాలంలో శిరా పట్టణం మొగలాయి సుబేదారుకు ముఖ్యస్థానం. కోలారు, హోసకోట, దొడ్డబళ్ళాపురం, మన తెలుగుసీమలోని పెనుకొండ, ఇవన్నీ ఆ సుబాలోని పరగణాలే. ఫతే మహమ్మదు కోలారు ఫౌజుదారై బూదికోటను జాగీరుగా పొందాడు. బూదికోట ఈనాటి కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలో ఉన్నది. మద్రాసు నుండి బెంగుళూరు పోయే రైలు బంగారుపేట జంక్షనులో ఆగుతుంది. ఒకప్పుడు ఆ స్టేషను పేరు బౌరింగుపేట. ఆ బౌరింగు దొర కూడా 1893లో హైదరు చరిత్ర ఒకటి వ్రాసి ప్రకటించాడు. బూదికోటకు మన హోసూరు, కృష్ణగిరి రెండూ ఒక పూట ప్రయాణంలోనివే. ఆ సీమలో తెలుగు మాట నేటికీ ఇంటింటా వినబడుతుంది. హైదరు పుట్టిన సంవత్సరాన్ని 1720 అనీ, 1721 అనీ, 1722 అనీ మూడు విధాల లెక్కవేశారు గాని, పుట్టిన ఊరు బూదికోటేనని అందరూ ఒప్పుకుంటారు.

1728 ప్రాంతంలో శిరా సుబా అధికారం కోసం సర్దారుల మధ్య పోరు పుట్టింది. ఆ పోరులో ఫతే మహమ్మదు యుద్ధభూమిలోనే కూలిపోయాడు. అప్పటికి అతని కుటుంబం దొడ్డబళ్ళాపురం కోటలో ఉన్నది. ఆ ఊరి జాగీరుదారు అబ్బాసు కులీ ఖాను, చనిపోయినవాడు తనకు పైకం బాకీ ఉన్నాడనే సాకుతో ఇంటి మీద పడ్డాడు. ఇంట్లో ఉన్న సొత్తంతా పట్టుకున్నాడు. అది చాలదని, ఇంకా ఎక్కడో దాచి ఉంటారని అనుమానించి, ఇద్దరు పిల్లలను నగారాలలో కూర్చోబెట్టి పైన చర్మం బిగించి వాయించారట. ఆ మోతకు, ఊపిరి సలపని ఆ ఉక్కకు పసివాళ్ళు ఎంత అల్లాడి ఉంటారో ఊహించుకోవచ్చును. తల్లి బయట నిలబడి వినవలసిందే. షాబాజుకు హైదరు కంటె ఒకటి రెండేళ్ళు ఎక్కువ. హైదరుకు ఏడేళ్ళు నిండి ఉంటే అదే గొప్ప.

ఉన్నదంతా ఊడ్చి ఇచ్చిన పిమ్మటనే ఆ తల్లికి విడుదల దొరికింది. ఆమె ఇక శిరా సుబాలో ఉండదలచుకోలేదు. పిల్లలిద్దరినీ తీసుకొని బెంగుళూరు దారి పట్టింది. ఇప్పుడు దొడ్డబళ్ళాపురం నుండి బెంగుళూరుకు గంట రెండు గంటల ప్రయాణం. దీనిని పరదేశ గమనం అని ఎవరూ అనుకోరు. కాని ఆనాడు అది సరిహద్దు దాటడమే. దొడ్డబళ్ళాపురం మొగలాయి సుబాలోనిది. బెంగుళూరును 1687లో మొగలాయిల వద్ద మూడు లక్షల రూకలకు మైసూరు చిక్కదేవరాయ ఒడయరు పుచ్చుకున్నందున, అది మైసూరు రాజ్యం. అబ్బాసు కులీ ఖాను చెయ్యి అక్కడికి చాలదు. పైగా ఆమె తమ్ముడు ఇబ్రహీము, ఒకనాడు తల్లి వెంట బిచ్చమెత్తుకుంటూ కోలారు చేరిన ఆ పిల్లవాడే, బెంగుళూరు కోటలో కిల్లేదారు వద్ద కొలువులో కుదురుకొని ఉన్నాడు. శ్రీరంగపట్టణంలో భర్త తరపు బంధువు ఒకరు దళవాయి కొలువులో ఉన్నాడు. అతని పేరు కూడా హైదరే. ఈ ఇద్దరి అండ చూసుకొని ఆమె మైసూరు రాజ్యంలో పిల్లలను పెంచుకున్నది.

ఆమె గూర్చి చరిత్రకారులు వ్రాసినది ఇంతకు మించి చాల కొద్ది. యుద్ధాల తారీఖులు, ఫిరంగుల లెక్కలు, సంధి షరతులు పేజీల కొద్దీ వ్రాసినవారు ఆమెకు నాలుగు వాక్యాలు కేటాయించారు. ఆ బిడ్డ గొప్పవాడైనందువలన ఆ నాలుగైనా దక్కాయి. ఆనాటి కల్లోలంలో అట్లే బిడ్డలను చంకనెత్తుకొని దారులు పట్టిన మిగిలిన తల్లులకు అదీ దక్కలేదు.

అన్న షాబాజు ముందుగా మైసూరు సైన్యంలో చేరి సర్దారు అయ్యాడు. హైదరు చాలకాలం పని పాట లేక వేటలో తిరిగేవాడట. చదువు అబ్బలేదు. చివరి వరకు అక్షరం వ్రాయడం, చదవడం రాదు. సంతకానికి తన పేరులోని మొదటి అక్షరం ఒకటి నేర్చుకున్నాడంటారు. కాని ఒకసారి విన్న లెక్క, చూసిన మొగం మరచేవాడు కాడు. హిందూస్తానీ, కన్నడం, మరాఠీ, తెలుగు, అరవం ఐదు భాషలూ ధారాళంగా మాట్లాడేవాడు. ఊరూరా తిరిగి పెరిగిన పిల్లలకు భాషలు అట్లే వస్తాయి. ఈ సరిహద్దు ఊళ్ళలో మన పిల్లలు ఇంట తెలుగు, బడిలో అరవం, సంతలో కన్నడం మాట్లాడటం మనం చూస్తున్నదే గదా.

1749లో దేవనహళ్ళి ముట్టడిలో హైదరు చూపిన ధైర్యం మంత్రి నంజరాజు కంట పడింది. 50 గుర్రాలు, 200 మంది కాల్బలం అతని కిందికి ఇచ్చారు. 1755లో దిండిగల్లు ఫౌజుదారీ లభించింది. అక్కడి పాళెగాండ్రతో ఆనాడు ఏర్పడిన పరిచయం మున్ముందు ఒక తల్లికి ఎట్లు ఉపకరించిందో తరువాత చెబుతాను.

1760 నాటికి హైదరు రాజ్యంలో అందరికంటె బలవంతుడైనాడు. బారామహలు అనబడే పన్నెండు దుర్గాల సీమ అంతవరకు కడప నవాబుల చేతిలో ఉండేది. ఆ యేటనే హైదరు సేనలు ఆనేకల్లును, బారామహలును పట్టుకున్నాయి. కృష్ణగిరి అతని ఏలుబడిలోకి వచ్చింది ఆ విధంగానే. కాని అదే సంవత్సరం ఆగస్టులో, అతడు చేరదీసి పెద్ద చేసిన ఖండేరావు రాజమాతతో చేతులు కలిపి శ్రీరంగపట్టణంలో అతని మీద ఫిరంగులు ఎక్కుపెట్టాడు. హైదరు చీకటి పడగానే కొద్దిమంది రౌతులతో కావేరి దాటి, తెల్లవార్లూ స్వారీ చేసి మన హోసూరు పొరుగున ఉన్న ఆనేకల్లు చేరుకున్నాడు. భార్యాబిడ్డలను శత్రువుల మధ్య వదలి రావలసి వచ్చింది. టిప్పుకు అప్పటికి తొమ్మిదేళ్ళు. తన ప్రాణం తాను దక్కించుకొని ఆనేకల్లు కోట గుమ్మంలో గుర్రం దిగినప్పుడు, ఏమీ లేనినాడు కూడా ఇద్దరు పిల్లలను విడువకుండా తెచ్చిన తన తల్లి అతనికి జ్ఞాపకం వచ్చిందో లేదో చరిత్ర చెప్పదు. మనకు మాత్రం రాక మానదు.

మరుసటి యేడు హైదరు తిరిగి బలం కూడగట్టుకొని ఖండేరావును ఓడించాడు. కుటుంబం క్షేమంగా చేతికి వచ్చింది. నాటి నుండి మైసూరు ఒడయరు పేరుకు మాత్రమే రాజు, రాజ్యం హైదరుది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. దిక్కులేని విధవకు, ఇద్దరు పసివాళ్ళకు నీడ ఇచ్చిన రాజ్యాన్నే ఆ పసివాడు పెద్దవాడై కైవసం చేసుకున్నాడు. సమర్థుడు కనుక రాజ్యం నిలిపాడని అనేవారు ఉన్నారు, ఉప్పు తిన్న ఇంటికి చేసినది ద్రోహమని అనేవారూ ఉన్నారు. రెండు మాటల్లోనూ నిజం లేకపోలేదు.

1761లోనే హైదరు హోసకోటను, దొడ్డబళ్ళాపురాన్ని, శిరాను పట్టుకున్నాడు. ముప్పది యేండ్లు దాటినా నగారా మోత మరచిపోలేదని అబ్బాసు కులీ ఖానుకు తెలుసు. అతడు కోట విడిచి మద్రాసుకు పారిపోయాడు. ఎనిమిదేళ్ళ తరువాత హైదరు గుర్రాలు మద్రాసు పొలిమేరలకు వచ్చినప్పుడు, అతడు భయపడి ఒక పాత ఓడ ఎక్కి సముద్రం మీద ఉండిపోయాడనీ, హైదరు కనుమలు ఎక్కి వెళ్ళిపోయేదాకా నేల మీద కాలు మోపలేదనీ చెబుతారు. ఒకనాడు ఒక తల్లిని సరిహద్దు దాటించినవాడికే చివరకు నిలువ నీడ లేకపోయింది.

ఇక మన ఊళ్ళ సంగతి. 1767లో హైదరుకు, ఇంగ్లీషు కుంఫిణీకి మొదటి యుద్ధం ఆరంభమైంది. కర్నల్ జోసెఫ్ స్మిత్ కృష్ణగిరిని ముట్టడించాడు గాని కొండ ఎక్కలేక పోయాడు. మరుసటి యేడు మే నెలలో దుర్గం కుంఫిణీ వశమైంది. ఆ వెంటనే హోసూరు కూడా వారి చేతికి చిక్కింది. 1768 నవంబరులో హైదరు హోసూరును తిరిగి తీసుకోవడానికి వచ్చి ముట్టడి వేశాడు. కోటకు సాయంగా కర్నల్ వుడ్ వచ్చాడు. బరువైన ఫిరంగులు, సామాను బాగలూరులో దిగవిడిచి హోసూరు వైపు నడిచాడు. హైదరు అతన్ని తప్పించుకొని చుట్టు తిరిగి బాగలూరు మీద పడ్డాడు. పేటలోని జనం, బండ్లవాళ్ళు, దండు వెంట వచ్చిన స్త్రీలు, పిల్లలు కోటలోకి పరుగెత్తారు. కోట తలుపులు మూసివేశారు. ఆ తలుపుల ముందు తొక్కిసలాటలో మనుషులు, ఎద్దులు ఒకరి మీద ఒకరు పడి నలిగిపోయారు. కత్తి దెబ్బకు పడినవారి కంటె తొక్కిసలాటలో పోయినవారే ఎక్కువ.

బాగలూరు మనకు పరాయి ఊరు కాదు. సంతలకు, పెళ్ళిళ్ళకు మనం పోయి వచ్చే ఊరు. హైదరు ఆ జనాన్ని చంపాలని రాలేదు, ఫిరంగుల కోసం వచ్చాడు. ఫిరంగులు తీసుకుపోయాడు. కాని నగారాలో ఊపిరాడక అల్లాడిన పిల్లవాడు నడిపించిన దండుకు వెరచి, కోట గుమ్మంలో ఊపిరాడక చనిపోయిన పిల్లలూ ఉన్నారు. అతని జీవితం వ్రాసేవారు ఈ రెండు సంగతులనూ ఒకే చోట వ్రాసుకోవాలి.

యుద్ధం 1769 ఏప్రిల్ లో మద్రాసు సంధితో ముగిసింది. మూడేళ్ళకు, 1772 జూన్ లో, దక్షిణాన శివగంగ సంస్థానం మీద ఆర్కాటు నవాబు సేనలు, కుంఫిణీ సేనలు కలిసి దాడి చేశాయి. కుంఫిణీ సేనకు అధిపతి మళ్ళీ ఆ జోసెఫ్ స్మిత్ దొరే. కాళయార్ కోవెల వద్ద శివగంగ రాజు ముత్తు వడుగనాథ తేవరు చనిపోయాడు. అతని రాణి వేలు నాచ్చియారు కూతురు వెళ్ళచ్చిని వెంటబెట్టుకొని, మంత్రి తాండవరాయ పిళ్ళె, మరుదు సోదరుల తోడుతో రాజ్యం విడిచిపెట్టి దిండిగల్లు దగ్గర విరూపాక్షి పాళెం చేరుకున్నది. ఆ పాళెగాడు గోపాల నాయకుడు. విజయనగర కాలంలో దక్షిణానికి తరలిపోయిన తెలుగు నాయకుల సంతతివాడు. దిండిగల్లు సీమ అప్పుడు హైదరుది. శివగంగ మంత్రి హైదరుకు విన్నపం పంపి 5,000 గుర్రాలు, 5,000 కాల్బలం సాయం కోరాడు.

హైదరు ఆ తల్లీ కూతుళ్ళను కాదనలేదు. తన రాజ్యంలో ఉండనిచ్చాడు. జీవనానికి ఏర్పాటు చేశాడు. పంపిస్తే ఇంగ్లీషువారితో చిక్కు వస్తుందని తెలిసినా వారిని అప్పగించలేదు. దీనిలో రాజకీయం లేకపోలేదు. ఆర్కాటు నవాబుకు శత్రువైనవారు అతనికి మిత్రులే. అయినా ఆశ్రయం అడిగినవారికి ఆశ్రయమే ముఖ్యం గాని, ఇచ్చినవాడి మనసులోని లెక్క కాదు. ఎనిమిదేళ్ళు ఆమె ఆ నీడలో ఉండి బలం కూడగట్టుకొని, 1780లో హైదరు ఇచ్చిన సేనా సాయంతో శివగంగను తిరిగి గెలుచుకున్నది. 1796లో చనిపోయేనాటికి ఆమె తన గడ్డ మీదనే ఉన్నది. ఈనాడు ఆమెను అరవనాట వీరనారిగా కొలుస్తున్నారు. ఆమె బొమ్మతో 2008లో తపాలా బిళ్ళ కూడా వెలువడింది.

కాని అదే 1780 జూలైలో హైదరు ఎనభై వేలకు పైగా సేనతో చెంగమ కనుమ దిగి కర్ణాటక సీమ మీద విరుచుకు పడ్డాడు. కుంఫిణీకి గింజ దొరకరాదని ఊళ్ళు తగులబెట్టించాడు. చెరువులు తెగగొట్టించాడు. కాంచీపురం చుట్టుపట్ల నుండి జనం మూటా ముల్లె నెత్తిన పెట్టుకొని మద్రాసు కోట వైపు నడిచారు. 1782లో మద్రాసులో కరువు వచ్చి ఆ వీధుల్లోనే ఎందరో రాలిపోయారు. ఒక తల్లి తన బిడ్డతో ఇంటికి తిరిగిపోయిన ఏడాదే, అదే మనిషి మూలాన వేలాది తల్లులు బిడ్డలతో ఇళ్ళు విడిచారు.

హైదరు ఆ యుద్ధం ముగింపు చూడలేదు. వెన్ను మీద రాచపుండు లేచి 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో ప్రాణం విడిచాడు. అంటే తెలుగు గడ్డ మీదనే. టిప్పు మలబారు నుండి వచ్చేవరకు మరణవార్త బయట పొక్కకుండా శవాన్ని కోలారుకు చేర్చి, తండ్రి ఫతే మహమ్మదు సమాధి ఉన్న చోట ఉంచారు. తరువాత శ్రీరంగపట్టణం తీసుకుపోయారు. అక్కడి గుంబజులో అతడు, అతని భార్య, టిప్పు ముగ్గురూ ఉన్నారు. బిచ్చమెత్తి కోలారు చేరిన అమ్మమ్మ, కోలారులో తండ్రి సమాధి, ఆ కోలారులోనే కొన్నాళ్ళు మనుమడి శవం. ఆ కుటుంబం కథ అంతా ఆ దారిలోనే నడిచింది.

ఇంకొక్క సంగతి. 1792లో టిప్పు ఓడిపోయి శ్రీరంగపట్టణం సంధి చేసుకున్నప్పుడు బారామహలు కుంఫిణీ పరమైంది. రీడు దొర, అతని కింద మన్రో దొర కృష్ణగిరి సీమకు వచ్చి పన్నులు లెక్క కట్టింది ఆ మీదటనే. సంధి షరతులు తీరేవరకు టిప్పు తన ఇద్దరు కొడుకులను జామీనుగా ఇంగ్లీషువారికి అప్పగించాడు. ఒకడికి పదేళ్ళు, మరొకడికి ఎనిమిదేళ్ళ ప్రాయం. వారిని మద్రాసులో రెండేళ్ళు గౌరవంగానే ఉంచి 1794లో తిరిగి పంపారు. అయినను నగారాలో కూర్చున్న ఇద్దరు అన్నదమ్ముల తరువాత, తాతల అప్పుకు, తండ్రుల యుద్ధానికి పూచీగా నిలిచినవారు మళ్ళీ ఇద్దరు పసివాళ్ళే అయినారు. పెద్దలు చేసుకున్న యుద్ధం లెక్క పిల్లల పద్దులోనే వ్రాయబడుతూ వచ్చింది.

హైదరాలీని కొందరు వీరుడంటారు, కొందరు క్రూరుడంటారు. ఆ తగవు తీర్చడం నా వంటివాడి పని కాదు. నాకు తోచినది ఇంతే. బెంగుళూరు కోట గుమ్మంలో ఆ తల్లిని, ఇద్దరు పిల్లలను పొమ్మని ఉంటే దక్షిణ దేశ చరిత్ర వేరుగా ఉండేది. లోపలికి రానిచ్చిన కావలివాడికి, ఆ పిల్లవాడు రాజవుతాడని తెలియదు. విరూపాక్షిలో గోపాల నాయకుడికి కూడా ఆ రాణి గెలుస్తుందనే నమ్మకం ఉండి ఉండదు. తలుపు తీసేవేళ అవన్నీ ఎవరికీ తెలియవు. వచ్చినవారు అలసి ఉన్నారు, వెంట పసిబిడ్డ ఉన్నది, అంతమాత్రమే తెలుస్తుంది. బాగలూరు తలుపు మూసినవారికి కూడా అంతమాత్రమే తెలుసు.

మనలో కొందరి పూర్వులు రాయల కాలంలో ఈ సీమకు వచ్చారు. కొందరం ఉద్యోగాల కోసం, హోసూరు కార్ఖానాల్లో పనుల కోసం నిన్న మొన్న వచ్చాము. యుద్ధం తరిమితే వచ్చినవారం కాము, అది మన అదృష్టం. అయినా కొత్త ఊళ్ళో మొదటి రాత్రి ఎట్లుంటుందో మనకు తెలుసు. ఈ కొత్త సంవత్సరంలో మన గుమ్మం ముందుకు ఎవరైనా బిడ్డతో వచ్చి నిలిస్తే, ఏ భాషవారని అడిగే ముందు లోపలికి రమ్మందాము. పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.